తోటపనీ తొలకరి జ్వరాలూ: నూజివీడు నుంచి టైఫాయిడ్ లెక్కకు ఒక అభ్యంతరం

దక్షిణాసియాలో పెద్దల రక్తంలోకి చేరే బాక్టీరియా గురించి రాయబోయేవాళ్లు 2012లో జాక్వెలిన్ డీన్ బృందం ‘లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్’లో అచ్చువేసిన సమీక్షకు దండం పెట్టి మొదలుపెడతారు. 17 అధ్యయనాలను కలిపి చూసిన ఆ బృందం, ఆసుపత్రికి రాకముందే అంటుకున్న ఇన్ఫెక్షన్లలో పెద్దల రక్తంలో దొరికిన బాక్టీరియాలో దాదాపు 30 శాతం టైఫాయిడ్‌దేనని తేల్చింది. నా తగువు ఆ 30 శాతంతోనే. అది జనం లెక్క కాదు, రక్తంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ సీసాల లెక్క. సీసా ఉన్న ఆసుపత్రికి, అందులో పెరిగే క్రిమితో, బతికి చేరినవాళ్ల లెక్క.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మామిడి తోటల్లో జ్వరం నడిచే దారి వేరు. మొదట ఊళ్లో ఆర్ఎంపీ. రెండో రోజుకు విడాల్. 1896 నాటి ఆ పరీక్ష ఇప్పటికీ ఇక్కడ తీర్పు చెబుతోంది: ‘టైఫాయిడ్ తగిలింది’. మూడో రోజు నుంచి సెలైను, అందులో సెఫ్ట్రియాక్సోన్. జ్వరం తగ్గకపోతే విజయవాడ. అక్కడ రక్తం తీసే వేళకు ఒంట్లో మందు ఉంటుంది. తీవ్రమైన సెప్సిస్ రోగుల్లో యాంటీబయాటిక్‌కు ముందు తీసిన కల్చర్లలో 31.4 శాతం, మందు మొదలయ్యాక అదే రోగుల నుంచి తీసినవాటిలో 19.4 శాతం మాత్రమే పాజిటివ్ అయ్యాయని 2019లో ఒక ఉత్తర అమెరికా అధ్యయనం చూపింది. రెండు గంటల తేడాకే అంత నష్టమైతే మూడు రోజుల సెఫ్ట్రియాక్సోన్ తర్వాత మిగిలేదెంత? ఈ లెక్కన టైఫాయిడ్ కూడా తక్కువగానే దొరకాలి కదా అని డీన్ పక్షం అడగవచ్చు, నిజమే.

అయినా టైఫాయిడ్‌కు కనీసం పేరుంది. మెలియాయిడోసిస్‌కు అదీ లేదు. 1911లో రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్మోర్, సి.ఎస్. కృష్ణస్వామి శవపరీక్షల్లో పట్టుకున్న జబ్బు ఇది. దీనికి కారణమైన బర్ఖోల్డేరియా సూడోమాలై మట్టిలో, నిలవ నీటిలో బతుకుతుంది. చర్మం మీది గాటు నుంచో, గాలిలోని తుంపరతోనో, తాగే నీటితోనో లోపలికి చేరుతుంది. ల్యాబులో నెమ్మదిగా పెరుగుతుంది. తొందరపడే టెక్నీషియన్ దాన్ని ‘సూడోమోనాస్ జాతి’ అనో, పైనుంచి పడిన మురికి అనో రాసి పారేస్తాడు. యంత్రాలు కూడా దీన్ని దాని దాయాది సెపేషియాగా పొరబడతాయి. పట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు: జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగక, కో-అమాక్సిక్లావ్‌కు లొంగే గ్రామ్ నెగటివ్ క్రిమి కనబడితే అనుమానించాలి. ల్యాబు ప్లేటు మీద పెట్టే మూడు మందు బిళ్లల పని. దీనికి సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం 10 నుంచి 14 రోజులు ఇచ్చి, ఆపైన మూడు నెలలు కోట్రైమాక్సజోల్ వాడాలి. సెఫ్ట్రియాక్సోన్‌తో సరిపెట్టిన రోగుల్లో మరణాలు ఎక్కువని థాయిలాండ్ వైద్యుల అనుభవం. అంటే మన దగ్గర విడాల్ తీర్పు తప్పయినచోట మందూ తప్పే.

ఇక తోట సంగతి. రసాలు జూన్‌లో దిగిపోతాయి. కాయ కోసే చిక్కాలు అటకెక్కగానే తొలకరి దుక్కి, పాదులు తవ్వడం, ఎరువు వేయడం, అంట్లు నాటడం. ఎర్రమట్టి తడిసి కాళ్లకు పట్టుకునే రోజులవి. చెప్పులతో పాదులోకి దిగేవాళ్లు అరుదు. పలుగు దెబ్బలు, ముళ్లు, పగిలిన మడమలు, కోతల్లో సొన కాల్చిన చేతులు, అన్నీ ఒకేసారి ఆ తడిమట్టిలో ఉంటాయి. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో 1989 నుంచి 30 ఏళ్లు నమోదైన 1148 మంది మెలియాయిడోసిస్ రోగుల్లో అత్యధికులు వానాకాలంలోనే పడకెక్కారు. సగానికి పైగా రక్తంలోనే క్రిమి దొరికింది. 45 శాతానికి షుగరు. 2023లో ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులని చెప్పింది. వాళ్లలో పాదులు తవ్వేవాళ్లు లేరనుకోవడం పట్నం భ్రమ.

షుగరులాగే మూత్రపిండాల వ్యాధి కూడా ఈ జబ్బుకు తలుపు తీస్తుంది. మామిడి సీమ అంచునే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తింటోంది. ఆ చర్చ అంతా నీళ్ల చుట్టూ, కృష్ణా పైపులైను చుట్టూ తిరిగింది. కిడ్నీ పాడైన మనిషి దగ్గర జ్వరం వేరే జాతిది. డయాలసిస్ గొట్టం గుండా స్టాఫిలోకాకస్ దిగుతుంది. వానల్లో పొలానికి పోతే బర్ఖోల్డేరియా దిగుతుంది. తండాలో ‘కిడ్నీతో పోయాడు’ అనే మరణాల్లో రక్తం విషమై పోయినవి చాలా ఉంటాయని నా వాదన. రక్తంలో క్రియాటినిన్ కొలిచేందుకు శిబిరాలు పెట్టినవాళ్లు అదే సూదితో కల్చర్ సీసా నింపి ఉండవలసింది.

నూజివీడు వరి సీమ కాదుగదా, మెలియాయిడోసిస్ వరి రైతు జబ్బుగదా అనే ఆక్షేపణ ఉంది. తమ్మిలేరు, రామిలేరు కొల్లేటికి దిగే దారిలో ఈ క్రిమికి కావలసిన నిలవ నీటి చెరువులు ఎన్నున్నాయో చూడనివాళ్ల ఆక్షేపణ అది. మన దేశంలో కేసులు మణిపాల్, వేలూరు చుట్టూ కనబడటానికి కారణం మట్టి కాదు, అక్కడి ల్యాబులు. 2016లో ‘నేచర్ మైక్రోబయాలజీ’లో వచ్చిన అంచనా భారతదేశంలో ఏటా దాదాపు 52,500 కేసులు ఉండవచ్చంటుంది. 2025లో గుంటూరు పక్క తురకపాలెంలో వరుస చావుల తర్వాత ఈ జబ్బు పేరు మన పేపర్లకెక్కింది. అది కూడా అనుమానంగానే ఎక్కింది.

కాబట్టి కోస్తా ఆంధ్రలో పెద్దల రక్తంలోని బాక్టీరియాను తాగునీటి జబ్బుగా కాక తోటపని జబ్బుగా చదవాలి. మామిడి ఒక్కటే కాదు, జీడి, పామాయిల్ తోటలకూ ఇదే వర్తిస్తుంది. జూన్ నుంచి నవంబరు దాకా నూజివీడు ఆసుపత్రిలో మొదటి ఇంజెక్షన్‌కు ముందు, షుగరో కిడ్నీ జబ్బో ఉన్న ప్రతి జ్వరపీడితుడి నుంచి రెండు సీసాల రక్తం తీసి విజయవాడ పంపితే, 30 శాతం అనే ఆ అంకె ఈ సీమలో ఒక్క వానాకాలం కూడా నిలవదు.