పాత ల్యాప్‌టాప్ లేవకపోతే

సుగటూరు నుంచి కోలారు రిపేరు అంగడికి బస్సెక్కే ముందు ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, అది అంగడి పనే.

లేకుంటే ఛార్జర్ పీకి, ఊడే బ్యాటరీ అయితే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టండి. లోపల నిలిచిన ఛార్జి పోతుంది. తర్వాత బ్యాటరీ లేకుండా ఛార్జర్‌తోనే ఆన్ చేయండి. మనం పాడైందనుకున్నవి కొన్ని ఇంతటితోనే లేస్తాయి!

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే టార్చి వేసి చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే తెర వెనక లైటు పోయినట్టే, మెషిన్ బాగానే ఉంది.

ఏదీ పనిచేయకపోయినా గుజరీకి వేయకండి. పెళ్లి ఫోటోలు, పహణీ కాపీలు ఉండేది హార్డ్‌డిస్కులో. దాన్ని విప్పించి యూఎస్‌బీ కేసులో పెడితే వేరే కంప్యూటర్లో చాలాసార్లు తెరుచుకుంటుంది.