గంటలో నెత్తురు ఎంత దిగింది?

టీబీ అనుమానం వచ్చినప్పుడు డాక్టరు రాసిచ్చే చీటీలో ఎక్స్‌రే, తెమడ పరీక్షల పక్కన ఈఎస్సార్ (నెత్తురులో ఎర్రకణాలు అడుక్కి దిగే వేగం) కూడా తరచూ కనిపిస్తుంది. రిపోర్టులో ఆ అంకె 60 అనో 90 అనో ఉంటే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. అంత భయం అక్కర్లేదు. క్షయరోగుల మీద ఈ పరీక్షకు పేరు తెచ్చిన మనిషి కూడా దాన్ని జబ్బు పేరు తేల్చడానికి వాడలేదు.

జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల నెత్తురు గిన్నెలో పోస్తే ఎర్రకణాలు త్వరగా అడుక్కి చేరి, పైన పాలమీగడలా తెల్లటి పొర కడుతుందని నరం కోసి నెత్తురు తీసే కాలం వైద్యులకు తెలుసు. లండన్ సర్జన్ జాన్ హంటర్ 1794లో అచ్చయిన తన గ్రంథంలో దీని గురించి రాశాడు. అయితే దాన్ని కొలవాలన్న ఆలోచన రావడానికి మరో వందేళ్లు పట్టింది. 1897లో పోలండు వైద్యుడు ఎడ్మండ్ బియెర్నాట్స్కి, ఎర్రకణాలు దిగే వేగం మనిషి మనిషికీ మారుతుందనీ, ప్లాస్మాలో ఫైబ్రినోజెన్ పెరిగితే అది హెచ్చుతుందనీ చూపించాడు. పోలండులో నేటికీ ఈ పరీక్షను ఆయన పేరుతోనే పిలుస్తారు. బయట ప్రపంచం మాత్రం ఆయన్ని దాదాపు మరిచిపోయింది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

1918లో స్వీడన్‌లో రాబిన్ ఫోరేయుస్ గర్భిణుల నెత్తురు వేగంగా దిగడం గమనించాడు. గర్భనిర్ధారణకు పనికొస్తుందని ఆశపడ్డాడు గానీ, రకరకాల జబ్బుల్లోనూ అదే జరుగుతోందని తేలింది. 1921లో ఆయన దేశస్థుడే అయిన ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ ఊపిరితిత్తుల క్షయరోగులను తీసుకుని, జబ్బు ముదురుతోందా, సద్దుమణుగుతోందా అన్నది ఈ వేగంతో చెప్పొచ్చని ప్రకటించాడు.

ఆయన పద్ధతి చాలా తేలిక. నాలుగు పాళ్ల నెత్తురుకి ఒక పాలు సోడియం సిట్రేట్ ద్రావణం కలిపితే గడ్డకట్టదు. దాన్ని 200 మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి గాజుగొట్టంలోకి ఎక్కించి, స్టాండులో నిట్టనిలువుగా నిలబెట్టాలి. గంటయ్యాక పైన పసుపుపచ్చగా తేరిన భాగం ఎన్ని మిల్లీమీటర్లో చదవాలి. గొట్టం కాస్త వాలినా, గది వేడెక్కినా అంకె పెరిగిపోతుంది. మామూలుగా ఎర్రకణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఒంట్లో వాపు ఉంటే కాలేయం ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. దాంతో కణాలు దొంతర్లుగా అతుక్కుని, బరువెక్కి, గబగబా దిగుతాయి.

అప్పటికి టీబీకి మందు లేదు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలోనైనా, ఐరోపాలోనైనా గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండే వైద్యం. రోగి కోలుకుంటున్నాడో లేదో చెప్పే ఇంత చవకైన కొలమానం ఆ రోజుల్లో ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు. 1948లో బ్రిటన్‌లో వెలువడిన సుప్రసిద్ధ స్ట్రెప్టోమైసిన్ ప్రయోగంలో కూడా రోగులను చేర్చుకున్నప్పుడు ఈఎస్సార్ నమోదు చేశారు.

రక్తహీనత ఉన్నా, వయసు మీరినా, కడుపుతో ఉన్నా ఈఎస్సార్ పెరుగుతుంది. నిఖార్సైన టీబీ ఉండీ ఈఎస్సార్ మామూలుగా ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ఒక్క అంకె చూసి మందులు మొదలుపెట్టడం తప్పు, మానేయడం మరీ తప్పు.

నెత్తురులోనే టీబీని పట్టేయాలన్న ఆశ మాత్రం చావలేదు. ప్రతిరక్షకాలను వెతికే కిట్లు మన దేశంలో విరివిగా అమ్ముడయ్యాయి. అవి ఉన్న జబ్బును లేదనీ, లేనిదాన్ని ఉందనీ చెబుతున్నాయని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దంది. 2012లో భారత ప్రభుత్వం నిషేధించింది.

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల నెత్తురులో బయటపడిన సీఆర్పీ అనే ప్రొటీనుకు మాత్రం ఈమధ్య ఒక కొత్త పని దొరికింది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో అది లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే టీబీ కోసం వెతకాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అలా అనుమానం తగిలినవాళ్లు కూడా ఆ తర్వాత తెమడ పరీక్షకు వెళ్లాల్సిందే.