చిత్తజల్లు కృష్ణవేణి

చిత్తజల్లు కృష్ణవేణి (1924 డిసెంబరు 24 – 2025 ఫిబ్రవరి 16) తెలుగు సినిమా నటి, గాయని, నిర్మాత. నందమూరి తారక రామారావును (ఎన్టీఆర్) వెండితెరకు తెచ్చిన ‘మనదేశం’ (1949) ఆమె నిర్మించినదే. తొలితరం టాకీ తారల్లో నూరేళ్లు నిండిన అరుదైన వ్యక్తి.

బాల్యం

కృష్ణవేణి పుట్టిన పంగిడి అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది. మరుసటి ఏడాది ఆ జిల్లాను విడదీసి ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరిని ఏర్పాటు చేశారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయ్యేనాటికి ఆమెకు ఏడేళ్లు. నాటకాల్లో వేషాలు వేస్తుండగా దర్శకుడు సి. పుల్లయ్య కంట పడ్డారు. ఆయన పిల్లలతోనే తీసిన ‘సతీ అనసూయ’ (1936)లో అనసూయ పాత్ర ఆమెదే. నేపథ్యగానం ఇంకా స్థిరపడని కాలం అది. ఎవరి పాటలు వారే పాడుకోవాలి. పాడగలగడం వల్ల ఆమెకు కథానాయిక వేషాలు త్వరగానే దక్కాయి.

శోభనాచల, మనదేశం

నూజివీడు దగ్గరి మీర్జాపురం జమీందారును ఆమె పెళ్లాడారు. మద్రాసులో శోభనాచల స్టూడియో ఆయనదే. ‘గొల్లభామ’ (1947) నాటికి కృష్ణవేణి పేరున్న తార. 1949లో వచ్చిన ‘కీలుగుర్రం’లో అంజలీదేవికి గొంతు అరువిచ్చారు.

కుమార్తె మేకా రాజ్యలక్ష్మీ అనూరాధ పేరుతో ఎం.ఆర్.ఎ. సంస్థను నెలకొల్పి ‘మనదేశం’ తీశారు. మూలకథ బెంగాలీ రచయిత శరత్ నవల ‘విప్రదాస్’, సంగీతం ఘంటసాల. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్‌ది ఏలూరు పక్కనున్న సోమవరప్పాడు. సబ్‌రిజిస్ట్రారు కొలువు వదిలి మద్రాసు చేరిన రామారావుకు ఇందులో పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషం దొరికింది. లాఠీచార్జి సన్నివేశంలో ఆయన పాత్రలో లీనమైపోయి జూనియర్ ఆర్టిస్టులను నిజంగానే బాదేశారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాత్ర చిన్నదే అయినా ఎన్టీఆర్ నట జీవితానికి అదే తొలిమెట్టు.

మరుసటి ఏడాది ఒకే లక్ష్మమ్మ కథ మీద రెండు సినిమాలు పోటీ పడ్డాయి. ఘంటసాల బలరామయ్య ‘శ్రీ లక్ష్మమ్మ కథ’లో అంజలీదేవి, అక్కినేని నటించారు. గోపీచంద్ దర్శకత్వం వహించిన ‘లక్ష్మమ్మ’లో కృష్ణవేణి నాయిక. పోటీలో నెగ్గింది ‘లక్ష్మమ్మ’. తర్వాత ఆమె నిర్మించిన ‘దాంపత్యం’ (1957)తో రమేష్ నాయుడు తెలుగులో సంగీత దర్శకుడయ్యారు.

తరువాతి జీవితం

ఆమె సినిమా జీవితం దాదాపు రెండు దశాబ్దాలు. ఆ తర్వాత దాదాపు ఏడు దశాబ్దాలు బతికారు. కుమార్తె అనూరాధాదేవి కూడా నిర్మాతగా పేరు తెచ్చుకున్నారు. తెలుగు సినిమాకు చేసిన సేవకు కృష్ణవేణికి 2004 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. తాను పరిచయం చేసిన ఎన్టీఆర్ కన్నా ఏడాదిన్నర చిన్న. ఆయన పోయాక మరో 29 ఏళ్లు ఉన్నారు.

‘మనదేశం’ 75 ఏళ్ల వేడుక 2024 డిసెంబరులో విజయవాడలో జరిగింది. ఆ నెలలోనే ఆమెకు నూరేళ్లు నిండాయి. తర్వాత రెండు నెలలు తిరగకముందే హైదరాబాదులో కన్నుమూశారు.