రగ్బీ రిఫరీ చేతి సంకేతాలు: ఏది దేనికి గుర్తు?

న్యూఢిల్లీ: 2010 కామన్వెల్త్ క్రీడల్లో భాగంగా అక్టోబర్ 11, 12 తేదీల్లో ఢిల్లీ విశ్వవిద్యాలయ మైదానంలో రగ్బీ సెవెన్స్ పోటీలు జరిగాయి. ఫైనల్లో ఆస్ట్రేలియాపై 24-17 తేడాతో నెగ్గి న్యూజిలాండ్ స్వర్ణం సాధించింది. 2025లో ఆరంభమైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ, హైదరాబాద్ పేర్లతోనూ జట్లు బరిలోకి దిగాయి. అంపైర్ రెండు చేతులూ పైకెత్తితే సిక్సర్ అని ఇట్టే గుర్తుపట్టే క్రికెట్ అభిమానికి రగ్బీ రిఫరీ సైగలు కొత్తగా తోచవచ్చు. అయితే వాటి అమరిక తెలిస్తే ఆటను అనుసరించడం తేలికే.

ముందు నిర్ణయం, తర్వాత కారణం

రిఫరీ సాధారణంగా ముందు నిర్ణయాన్ని, ఆ తర్వాత దాని కారణాన్ని సూచిస్తారు. తప్పు చేయని జట్టు వైపు చేతిని ఏటవాలుగా పైకి చాపితే పెనాల్టీ. అదే చేతిని మోచేయి వద్ద నిలువుగా మడిస్తే ఫ్రీ కిక్. భుజం ఎత్తులో అడ్డంగా చాపితే స్క్రమ్. చెయ్యి చూపిన జట్టే బంతిని లోపలికి వేస్తుంది. చేతిని నిటారుగా పైకెత్తితే ట్రై, అంటే అయిదు పాయింట్లు.

కారణాన్ని తెలిపే సంకేతాల్లో చాలావరకు తప్పును అనుకరించేవే. లేని బంతిని ముందుకు విసిరినట్టు చూపితే ఫార్వర్డ్ పాస్. బంతిని గుండెకు హత్తుకున్నట్టు రెండు చేతులూ దగ్గరకు చేర్చితే, కిందపడిన ఆటగాడు బంతిని వదల్లేదని అర్థం. తెరిచిన అరచేతిని తలపై ముందుకూ వెనక్కూ ఊపితే నాక్-ఆన్. మెడ ముందు చేతిని అడ్డంగా కదిపితే హై ట్యాకిల్. తల, మెడలకు గాయమయ్యే ప్రమాదం ఉన్నందున దీన్ని తీవ్రంగా పరిగణిస్తారు; పసుపు లేదా ఎరుపు కార్డు వరకూ వెళ్లవచ్చు.

విజిల్ మోగని సంకేతం

ఆటగాళ్లు తప్పక గమనించాల్సింది అడ్వాంటేజ్. తప్పు జరిగినా ఎదుటి జట్టుకు మేలు కలిగే అవకాశముంటే రిఫరీ ఆట ఆపరు. ఆ జట్టు వైపు నడుము ఎత్తులో చేతిని చాచి ఉంచుతారు. తప్పు జరిగింది కదా అని ఆగిపోయిన ఆటగాడు ట్రై అవకాశాన్ని చేజార్చుకోవచ్చు. ఆశించిన మేలు కలగకపోతే రిఫరీ విజిల్ వేసి ఆటను మొదటి తప్పు వద్దకే తీసుకెళ్తారు.

టచ్ రగ్బీలో లెక్కే కీలకం

జట్టుకు ఆరుగురు చొప్పున ఆడే టచ్ రగ్బీలో ట్యాకిల్ ఉండదు. బంతి ఉన్న ఆటగాడిని తాకితే చాలు. ఆరో టచ్‌తో బంతి ప్రత్యర్థికి దక్కుతుంది. అందుకే రిఫరీ లెక్కను బిగ్గరగా చెబుతూ, అయిదో టచ్ పూర్తి కాగానే చెయ్యెత్తి హెచ్చరిస్తారు. ఇక్కడ టచ్‌డౌన్‌కు ఒక్క పాయింటే.

రెండు ఆటల్లోనూ కొత్త ప్రేక్షకుడు ముందుగా చూడాల్సింది రిఫరీ చెయ్యి ఎటు చూపుతోందన్నదే. బంతి ఎవరిదో అక్కడే తేలిపోతుంది. ఎందుకన్నది మరుక్షణం వచ్చే రెండో సైగ చెబుతుంది.