మోచేతికి చోటు: ఇచ్చోడ దారిలో బండిని పూర్తి చేసుకునే ఆచారం

కారులో ముందు సీట్ల నడుమ, హ్యాండ్‌బ్రేకుకు కొంచెం వెనకగా నిలిచి, డ్రైవరు ఎడమ మోచేతికి ఆనుదల ఇచ్చే మెత్తటి దిమ్మెను ఆర్మ్‌రెస్ట్ అంటారు. గేరు, హ్యాండ్‌బ్రేకు, చిన్న అరలు కలిసి ఉండే ఆ నడిమి భాగమంతటికీ సెంటర్ కన్సోల్ అని పేరు. తయారీ సంస్థ ఈ దిమ్మెను అమర్చకుండా వదిలిన కారును కొన్నవారు, దానిని విడిగా తెచ్చుకొని ఇంటి ముందర తామే బిగించుకోవడం ఇవాళ తెలంగాణ పట్టణాల్లో సాధారణమైన పని. ఇది కొత్తకాలపు ముచ్చటగా కనిపించినా, ఉత్తర తెలంగాణ రహదారుల చరిత్రను వెనక్కి తిరగేస్తే దీని వెనక చాలా పాత ఆచారం ఉన్నదని తెలుస్తుంది. ఇక్కడ ఏ కాలంలోనూ బండి పూర్తిగా సిద్ధమై ఇంటికి రాలేదు. చేసినవాడు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి వాడేవాడు, ఊరి పనివాళ్ల చేతి సాయంతో, దానిని తన ఒంటికి, తన దారికి తగినట్టు పూర్తి చేసుకున్నాడు.

ఈ చరిత్రను చూడటానికి ఇచ్చోడ తగిన చోటు. ఆదిలాబాద్‌కు దక్షిణంగా, నిర్మల్‌కు ఉత్తరంగా, హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్లే రహదారి మీద ఈ ఊరు ఉన్నది. ఉత్తరాదిని దక్కనుతో కలిపిన పాత బాట ఇదే. వారణాసి నుంచి కన్యాకుమారి వరకు సాగిన 7వ నంబరు జాతీయ రహదారిలో ఇది భాగమైంది. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారినప్పుడు 44వ నంబరు రహదారిలో కలిసింది. పాత రోడ్డు మీద నిర్మల్ దాటగానే వచ్చే మహబూబ్ ఘాట్లు ఎక్కి, నేరడిగొండ మీదుగా ఇచ్చోడ చేరిన వాహనం గుడిహత్నూర్ దాటి ఆదిలాబాద్ వైపు సాగిపోతుంది. ఒకప్పటి బోథ్ తాలూకాలో భాగమైన ఇచ్చోడ, 1985లో మండలాల వ్యవస్థ వచ్చిన తరువాత మండల కేంద్రంగా నిలిచి, చుట్టుపక్కల గోండు, లంబాడా, మరాఠీ, తెలుగు పల్లెలకు సంతగా, బస్సు మారే చోటుగా, బండి బాగుచేయించుకునే చోటుగా ఎదిగింది.

మోటారు రాకముందు ఈ దారిలో నడిచిన బండ్లలో సరుకు మోసే పెద్ద ఎడ్లబండి ఒకటైతే, మనుషుల ప్రయాణానికి వాడిన కచ్చురం రెండోది. కచ్చురం అంటే తేలికగా, తరచుగా గూడు కప్పుతో ఉండే సవారీ బండి. ఏ బండినైనా వడ్లాయన కర్రతో కట్టేవాడు, కమ్మరి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేవాడు, అయితే అక్కడికి బండి కూర్చోదగినది అయ్యేది కాదు. గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, దూరం పోయే కలిగినవారి బండిలో వీపుకు, మోచేతికి బాలీసులు పెట్టుకుంటేనే గతుకుల బాట మీద ప్రయాణం సాగేది. పత్తి పండే ఈ నల్లరేగడి నేల మీద ఆ బాలీసులకు, పరుపులకు దూది ఏకి నింపడం దూదేకులవారి వృత్తి. చేయి వాలే చోటును బండి చేసిన వడ్లాయన కాక, ప్రయాణించే ఇంటివారు నిర్ణయించడమనే పద్ధతి ఇక్కడే కనిపిస్తుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు గోండుల్లోని మెస్రం వంశస్థులు నేటికీ ఎడ్లబండ్ల మీద తరలివస్తారు కనుక, ఈ పూర్తి చేసుకునే పద్ధతి పుస్తకాల్లోకి వెళ్లిపోక ఇంకా కళ్ల ముందరే ఉన్నది.

పనివాళ్లకు తెలిసిన ఒక భేదాన్ని ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాతి కథ అంతా దాని మీదనే ఆధారపడింది. నిర్మల్ బొమ్మలు తేలికైన పొనికి కర్రతో తయారవుతాయి; ఆ కర్ర సులువుగా చెక్కుడు పడుతుంది, రంగు పట్టుకుంటుంది, కాని బరువు ఓర్చదు. బండి చట్రానికి, చక్రానికి టేకు, తుమ్మ వంటి గట్టి కర్రలు కావాలి. చూపుకు పనికివచ్చే సామగ్రి వేరు, ఒత్తిడిని మోసే సామగ్రి వేరు అనే ఎరుక ఈ ప్రాంతపు చేతిపనిలో మొదటి పాఠం.

మోటారు వాహనం హైదరాబాదు రాజ్యపు ప్రజలకు ముందుగా బస్సు రూపంలో అందింది. నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ, 1951లో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖగా మారి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. బస్సుతోపాటు ఊళ్లకు వచ్చిన కొత్త సరుకు రెగ్జిన్. గుడ్డ మీద రసాయన పూత పూసి తోలులా కనిపించేట్టు చేసిన ఈ పదార్థం మొదట ఇంగ్లండులో మాంచెస్టరుకు దగ్గరలోని హైడ్ పట్టణంలో తయారైంది, తరువాత ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డకు కూడా అదే పేరు స్థిరపడింది. 1929లో డన్‌లప్ సంస్థ రబ్బరు పాల నుంచి నురగ పరుపును రూపొందించిన తరువాత, దూది, కొబ్బరి పీచు ఉన్న చోటును క్రమంగా స్పాంజి ఆక్రమించింది. ఈ రెండు సరుకులతో, ఒక గట్టి కుట్టుమిషనుతో, సీట్లు కుట్టే దుకాణం అనే కొత్త వృత్తి రహదారి ఊళ్లలో నిలదొక్కుకున్నది.

ఆ వృత్తికి ఎక్కువ పని ఇచ్చినవి లారీలు, జీపులు. లారీని తయారీ సంస్థ చాలాకాలం పాటు చట్రం, ఇంజను, ముందు ముఖంతో మాత్రమే అమ్మేది. క్యాబిను, వెనక తొట్టి, డ్రైవరు సీటు, అతడు పడుకునే బల్ల బాడీ కట్టే షెడ్లలో తయారయ్యేవి. 1947 నుంచి మహీంద్రా సంస్థ మన దేశంలో బిగించి అమ్మిన విల్లీస్ జీపు, అటుపై దాని సంతతిగా వచ్చిన కమాండర్ వంటి బండ్లు, ఆదిలాబాద్ అడవి దారుల్లో అధికారులకు, వైద్యులకు, ఆ తరువాత కిరాయి ప్రయాణికులకు ఆధారమయ్యాయి. వాటి పైకప్పు టార్పాలిన్, పక్క తెరలు, వెనకవైపు ఎదురెదురు బల్లలు, వాటి మీది దిండ్లు చాలావరకు స్థానిక పనివాళ్ల చేతుల మీదుగానే అమరేవి. వాహనానికి లోపలి రూపం ఇచ్చింది కర్మాగారం కన్నా ఊరి చేతిపని అని ఆ కాలం గురించి చెప్పవచ్చు.

కార్ల సంగతికి వస్తే, 1950ల చివర నుంచి మూడు దశాబ్దాల పాటు దేశాన్ని ఏలినవి అంబాసిడర్, ప్రీమియర్ ఫియట్. ఈ రెండింటిలోనూ ముందు సీటు ఒకే బల్లలా అడ్డంగా సాగేది, గేరు కడ్డీ స్టీరింగు కిందనే ఉండేది. అందువల్ల డ్రైవరు పక్కన మరో ఇద్దరు కూర్చోగలిగేవారు, మోచేతికి నడుమ చోటు అన్న ఆలోచనకే తావులేదు. అధికారుల అంబాసిడర్ సీట్ల మీద తెల్ల తువ్వాళ్లు పరచడం, ఇంటి కారు సీట్లకు అల్లిక తొడుగులు వేయడం ఆ కాలపు అలంకరణ. 1993 ప్రాంతంలో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ 1800లో మాత్రమే గేరు నేల మీదికి దిగి, ముందు సీట్లు రెండుగా విడిపోయాయి.

సీట్ల నడుమ కన్సోల్ పుట్టుకకు అమెరికాలో కారణం సౌఖ్యం కాదు, యంత్ర నిర్మాణం. 1958 ఫోర్డ్ థండర్‌బర్డ్‌ను నాలుగు సీట్ల కారుగా, నేలకు బాగా దిగువగా రూపొందించినప్పుడు, ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుకు నేలలో ఎత్తైన సొరంగం కట్టవలసి వచ్చింది. ఆ గుబ్బను దాచడానికే రూపకర్తలు దాని మీద పొడవైన పెట్టెలాంటి తొడుగు వేసి, మీటలను అందులో చేర్చారు. అడ్డుగా ఉన్నదాన్ని ఉపయోగంగా మలచిన ఆ ఏర్పాటు, క్రమంగా షాఫ్టు అవసరమే లేని చిన్న కార్లలో కూడా మర్యాదకు గుర్తుగా నిలిచిపోయింది.

మన దేశంలో సీట్ల నడుమ ఖాళీ చోటును ఇంటింటికీ తెచ్చినది 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800. ముందు చక్రాలే బండిని లాగే ఈ కారులో రెండు విడి సీట్ల మధ్య గేరు, హ్యాండ్‌బ్రేకు ఉండి, వాటి వెనక జానెడు చోటు మిగిలేది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు విధానం తొలగించడంతో మోడళ్లు పెరిగాయి. 1998లో శాంత్రో, ఇండికా, 2005లో స్విఫ్ట్ వచ్చేసరికి ఒకే కారును పలు ధరల్లో, పలు హంగులతో అమ్మే పద్ధతి స్థిరపడింది. ఇంజను, చట్రం అన్నింటికీ ఒకటే అయినా, ఆర్మ్‌రెస్ట్ వంటి వసతులు చాలా కార్లలో పై ధర రకాలకే దక్కాయి. ఈ విభజన నుంచే నేటి ఆర్మ్‌రెస్ట్ వ్యాపారం పుట్టింది: తక్కువ ధర కారు కొన్న కుటుంబం, లోటు పడిన వసతిని కొద్ది ఖర్చుతో తానే సమకూర్చుకున్నది.

కోరికను పెంచిన మరో కారణం రహదారే. ఇరుకుగా ఉన్న పాత బాట మీద, లారీల వెనక మహబూబ్ ఘాట్లు ఎక్కే డ్రైవరుకు ఎడమ చేయి గేరు కడ్డీని విడిచే వీలుండేది కాదు. కుడి మోచేయి తెరిచిన కిటికీ అంచు మీద ఆనేది. రోడ్డు నాలుగు వరుసలుగా విస్తరించిన తరువాత, ఇచ్చోడ నుంచి ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ దాకా కారు చాలాసేపు ఒకే గేరులో సాగుతుంది కనుక ఎడమ చేతికి పని తగ్గింది. ఏసీ వల్ల కిటికీలు మూసుకోవడంతో కుడి చేయి కూడా లోపలికి వచ్చింది. ఆధారం లేక వేలాడే చేయి భుజాన్ని, మెడను లాగుతుంది. ఆర్మ్‌రెస్ట్‌ను ఆడంబరంగా కొట్టిపారేయడం ఈ దృష్టితో చూస్తే సరికాదు. రోడ్డు మారినప్పుడు శరీరం అడిగిన వసతి అది.

సరుకు వచ్చే దారి కూడా గమనించదగినది. ఢిల్లీ కశ్మీరీ గేట్, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి వాహన విడిభాగాల టోకు బజార్ల నుంచి జిల్లా కేంద్రాల దుకాణాలకు చేరే పాత పద్ధతికి, ఇంటికే పార్సిల్ వచ్చే ఆన్‌లైన్ కొనుగోలు తోడైంది. పార్సిల్‌తో దిమ్మె వస్తుంది, స్క్రూలు వస్తాయి, కాని బిగించే చేయి రాదు. మండల కేంద్రాల్లో యజమానులే పానా, స్క్రూడ్రైవరు పట్టడానికి ఇది ముఖ్య కారణం.

బిగింపులో మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది కప్పు పెట్టుకునే గుంటలో కాలు దింపి నిలిపే రకం. దీనికి రంధ్రం అవసరం లేదు, అయితే చేయి బరువంతా పలుచని ప్లాస్టిక్ మీద పడి నాలుగు నాళ్లకే ఊగుతుంది. రెండోది కన్సోల్ ప్లాస్టిక్‌కే డ్రిల్లుతో రంధ్రం చేసి స్క్రూలతో బిగించే రకం. మూడోది ఆ కారు మోడల్‌కే చేసిన ఇనుప బ్రాకెట్టును, కన్సోల్ కింద ఇంతకుముందే ఉన్న బోల్టులకు తగిలించే రకం. బరువు లోహం మీదికి దిగుతుంది కనుక ఇదే మేలైనది. పొనికికి, టేకుకు మధ్య పాత పనివాళ్లు పాటించిన భేదమే ఇక్కడ ప్లాస్టిక్‌కు, ఇనుముకు మధ్య వర్తిస్తుంది.

బిగించేవారు తెలుసుకోవలసినది మరొకటి ఉన్నది. ఎయిర్‌బ్యాగులను నడిపే నియంత్రణ పెట్టెను చాలా కార్లలో కన్సోల్ కిందనే అమర్చుతారు. హ్యాండ్‌బ్రేకు తీగ కూడా ఆ దారినే పోతుంది. నేల రేకు కింద బ్రేకు, ఇంధనపు గొట్టాలు ఉంటాయి. లోతు చూడకుండా డ్రిల్లు దింపితే ప్రాణరక్షణ సాధనమే దెబ్బతినవచ్చు, రేకుకు పడిన రంధ్రం నుంచి తుప్పు మొదలుకావచ్చు. బ్యాటరీ తీగ విప్పి పని మొదలుపెట్టడం, బిగించాక హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లేస్తున్నదో లేదో, సీటుబెల్టు కొక్కెం అందుతున్నదో లేదో చూసుకోవడం, గేరు మార్చేటప్పుడు మోచేతికి అడ్డు తగిలితే దిమ్మెను వెనక్కి జరపడం తప్పనిసరి.

యజమాని స్వేచ్ఛకు చట్టం కూడా హద్దు గీసింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించింది. 2012లో అదే కోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని నిషేధించింది. 2017 చివర కేంద్ర రవాణా శాఖ ముందు వైపు బిగించే ఇనుప కడ్డీల మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. ఇతరుల భద్రతకు, పోలీసు తనిఖీకి అడ్డు వచ్చే మార్పులే ఈ చివరి రెండు నిర్ణయాలకు గురి అయ్యాయి. ఆర్మ్‌రెస్ట్ రిజిస్ట్రేషను వివరాలలో దేనినీ మార్చదు. సరిగా బిగిస్తే ఎవరికీ హాని చేయదు.

కచ్చురంలో బాలీసు పెట్టిన చేయి, జీపుకు దిండ్లు కుట్టిన చేయి, ఇవాళ కారులో బ్రాకెట్టు బిగిస్తున్న చేయి ఒకే సంప్రదాయానికి చెందినవి. దూదేకులవారి వృత్తి చాలా ఊళ్లలో మరుగున పడింది. వడ్లాయన పని వాకిళ్లకు, మంచాలకు కుదించుకుపోయింది. సీట్లు కుట్టే దుకాణాల పని కూడా కర్మాగారం నుంచి చాలావరకు ముగిసి వచ్చే కార్ల వల్ల తరుగుతున్నది. జిల్లా చరిత్రలు రాసేవారు రాజులను, ఉద్యమాలను నమోదు చేసినట్టే ఈ పనివాళ్ల పనిముట్లను, మాటలను, కొలతలను వారు బతికి ఉండగానే నమోదు చేయాలి. కారు కొన్నవారు తమ చేత్తో పని చేసుకోవడం మంచిదే. అయితే మొదటి రంధ్రం వేసే ముందు, బరువు ఎక్కడ నిలుస్తుందో తెలిసిన ఒక పాత పనివాడిని అడగడం ఇంకా మంచిది.