ఎప్సమ్ డెర్బీ

ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతపు ఎప్సమ్ డౌన్స్‌లో ఏటా జరిగే గుర్రప్పందెం. మూడేళ్ల థరోబ్రెడ్ జాతి మగ, ఆడ గుర్రాలకే ప్రవేశం. విత్తుకొట్టిన వాటిని రానివ్వరు. 1780లో జరిగిన తొలి పందెంలో డయోమెడ్ అనే గుర్రం గెలిచింది. అప్పట్లో దూరం ఒక మైలే. 1784లో మైలున్నరకు పెంచారు.

అసలు పరీక్ష పచ్చిక బాటదే. మొదట ఎత్తుకు ఎక్కి, తర్వాత టాటెన్‌హామ్ మలుపు దగ్గర ఎడమకు తిరుగుతూ పల్లంలోకి దూసుకుపోవాలి. నేరుబాట కూడా పక్కకు వాలి ఉంటుంది. వేగం ఒక్కటే ఉండి నిలదొక్కుకోలేని గుర్రం ఇక్కడే తేలిపోతుంది. జాకీ లెస్టర్ పిగ్గట్ ఇక్కడ తొమ్మిదిసార్లు గెలిచాడు. 1981లో షెర్గర్ అనే గుర్రం పది గుర్రాల నిడివి తేడాతో గెలిచింది.

1913లో మహిళల ఓటుహక్కు ఉద్యమకారిణి ఎమిలీ డేవిసన్ పరుగు మధ్యలో బాటమీదికి వచ్చి, రాజుగారి గుర్రం ఢీకొని, నాలుగు రోజులకు మరణించింది.