ఎక్స్‌రే చెప్పిన సాక్ష్యం

ఈ వారం కొంచెం బరువైన సంగతి ఎత్తుకుంటున్నాను. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు కాస్త ఓపిగ్గా వినండి.

కొన్నేళ్ళ క్రితం మా మనవరాలిని డేకేర్‌లో వేసిన మొదటి వారమే, అక్కడి టీచరు మా అమ్మాయిని పక్కకి పిలిచి, పాప నడుం కింద ఆ నీలం మచ్చ ఏమిటని అడిగింది. అది పుట్టుకతో వచ్చిన మచ్చ. మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది, ఎదిగేకొద్దీ చాలావరకు పోతుంది. డాక్టరుగారి ఫైల్లో ముందే రాసి ఉంది కాబట్టి గంటలో మాట తేలిపోయింది. కానీ మా అమ్మాయి ఆ రాత్రంతా ఏడ్చింది. నాకూ కోపం వచ్చింది. అసలిలా అడగడం ఎప్పుడు మొదలైందో చూద్దామని పుస్తకాలు తిరగేశాను.

1860లో పారిస్‌లో ఆంబ్రోయిజ్ తార్ద్యూ అనే న్యాయవైద్య నిపుణుడు దెబ్బలు తిన్న 32 మంది పిల్లల గురించి రాశాడు. వాళ్ళలో 18 మంది చనిపోయారు. వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు.

1946లో జాన్ కాఫీ అనే అమెరికన్ ఎక్స్‌రే డాక్టరు, మెదడు పైపొర కింద రక్తం చేరిన ఆరుగురు పసివాళ్ళని పరీక్షించాడు. వాళ్ళ కాళ్ళూ చేతుల ఎముకల్లో 23 విరుగుళ్ళు కనిపించాయి. వాటికి తగిన ప్రమాదం జరిగినట్టు ఇంట్లోవాళ్ళు ఒక్కరూ చెప్పలేదు!

1962లో డెన్వర్‌కి చెందిన హెన్రీ కెంప్, ఆయన సహచరులు దీనికి 'బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్' అని పేరుపెట్టారు. 71 ఆసుపత్రులని వాకబు చేస్తే ఒక్క ఏడాదిలో 302 మంది పిల్లలు తేలారు. 33 మంది చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. కన్నవాళ్ళు ఇంతపని చేస్తారని నమ్మడానికి డాక్టర్లకే మనసు రావడం లేదని కూడా ఆయన రాశాడు. 1967 నాటికి అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ, అనుమానం వస్తే తెలియజేయాలనే చట్టాలు వచ్చాయి.

డాక్టర్లు చూసేది ముఖ్యంగా పొంతన. ఇంకా పాకడం రాని పాపకి కమిలిన గాయం ఎలా వచ్చింది? చెవి మీద, మెడ మీద దెబ్బ ఎందుకుంది? ఒక ఎముక కొత్తగా విరిగి, ఇంకొకటి సగం మాని ఉంటే అది ఒక్కరోజు ప్రమాదం కాదు కదా! అలాగని తొందరపడి నింద వెయ్యకూడదు. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు లేవని తేల్చుకోవాలి.

ఇదంతా చదువుతుంటే నా చిన్నతనం గుర్తొచ్చింది. మా క్లాసులో ఒక కుర్రాడు తరచూ ఒంటినిండా వాతలతో వచ్చేవాడు. జామచెట్టు మీంచి పడ్డానంటే నమ్మేశాం. మాస్టారూ అడగలేదు, మేమూ అడగలేదు. దెబ్బకి దయ్యం కూడా దిగుతుందని నమ్మిన రోజులవి. డేకేర్ టీచరు మీద నా కోపం అక్కడ చల్లారింది. మా పాపని అడిగినట్టు వాడినీ ఎవరైనా ఒక్కసారి అడిగుంటే బావుండేది.

మీ ఇంట్లో పసిబిడ్డకి అలాంటి పుట్టుమచ్చలుంటే డాక్టరుగారి చేత ఫైల్లో రాయించుకోండి. ఎవరైనా అడిగితే నొచ్చుకోకండి. సెలవు.